మీకు తెలుసా? నీళ్ల డబ్బాతో పెట్రోలు మిగులుతుందా?

కారు బానెట్ కింద ఓ నీళ్ల డబ్బా. అందులో వరసగా బిగించిన స్టీలు ప్లేట్లు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లోపలికి, డబ్బా నుంచి ఓ సన్నటి గొట్టం ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి. సరంజామా అంతే. పేరు హెచ్‌హెచ్‌ఓ కిట్. నీటిని కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను పెట్రోలుతో కలిపి మండిస్తే మైలేజీ బాగా పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. వీడియోలు చూసి ఇంట్లోనే తయారుచేసుకునే ఔత్సాహికులూ ఉన్నారు. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటాక ఆశ పుట్టడం సహజమే. మరి ఆ బుడగల వెనక లెక్కేమిటి, చరిత్రేమిటి?

1. పెట్రోలు కారు కన్నా హైడ్రోజన్ బండే ముందు పుట్టింది

కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి పేటెంటు దక్కింది 1886లో. అంతకు దాదాపు ఎనభై ఏళ్ల ముందే, 1807లో, స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాంస్వా ఇసాక్ ద రివాజ్ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి పేల్చే ఇంజిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ఓ బండికి బిగించి కొంత దూరం నడిపించాడు కూడా. ఇంజిన్ లోపల గ్యాసును అంటించడానికి విద్యుత్ నిప్పురవ్వను వాడాడు. కాబట్టి ఇంజిన్‌లో హైడ్రోజన్ మండుతుందా అన్నది రెండు వందల ఏళ్ల కిందటే తేలిపోయిన విషయం. తేలాల్సింది ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి, ఎంత ఖర్చుతో వస్తుందన్నదే.

2. నీటిని విడగొట్టే పద్ధతి బ్యాటరీతో పాటే వచ్చింది

ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తొలి బ్యాటరీ తయారుచేసిన కబురు 1800లో లండన్ చేరింది. కొద్ది వారాల్లోనే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అలాంటి బ్యాటరీనే కట్టుకుని, దాని తీగలను నీటిలో ముంచారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్, మరో తీగ దగ్గర ఆక్సిజన్. మన పిల్లలు పదో తరగతిలో చదివే నీటి విద్యుద్విశ్లేషణ అదే. కారులో పెట్టే డబ్బా చేసే పని కూడా అక్షరాలా అదే. రహస్య సూత్రం, కొత్తగా కనిపెట్టిన వాయువు అంటూ ఏమీ లేవు. ‘బ్రౌన్స్ గ్యాస్’ అని వినిపించే పేరు, బల్గేరియా నుంచి ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడిన యుల్ బ్రౌన్‌ది. ఆయన 1970ల్లో ఈ మిశ్రమాన్ని వెల్డింగ్ కోసం వాడుకలోకి తేవాలని చూశాడు.

3. నీరు ఇంధనం కాదు, మండిపోగా మిగిలినది

హైడ్రోజన్ మండితే నీరవుతుంది. అంటే నీరు ఒకసారి మండిపోయిన హైడ్రోజన్. పొయ్యిలో కట్టె కాలిపోయాక మిగిలే బూడిద ఎలాంటిదో, హైడ్రోజన్‌కు నీరు అలాంటిది. బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే, కట్టె మండినప్పుడు వెలువడిన శక్తినంతా తిరిగి పోయాలి. నీటి విషయంలోనూ అంతే. నీటిని విడగొట్టడానికి పట్టే శక్తి, విడివడిన వాయువులు మళ్లీ మండినప్పుడు ఇచ్చే శక్తి సరిసమానం. అదీ డబ్బాలో ఎక్కడా ఒక్క పిసరు వేడి కూడా వృథా కాకపోతేనే. ఈ సూత్రాన్ని దాటిన యంత్రం ఇప్పటిదాకా పుట్టలేదు.

4. ఎన్ని ఆంపియర్లకు ఎంత గ్యాసో ఫారడే ఎప్పుడో చెప్పాడు

1830ల్లో మైకేల్ ఫారడే తేల్చిన నియమం ప్రకారం, ప్లేట్ల మధ్య పారే కరెంటును బట్టే గ్యాసు వస్తుంది. ప్లేట్ల ఆకారం, నీటి స్వచ్ఛత, కరెంటును ఆపుతూ వదులుతూ ఇచ్చే సర్క్యూట్లు ఈ లెక్కను మార్చలేవు. ఏడు గదులను వరసగా కలిపిన డబ్బా నుంచి నిమిషానికి ఒక లీటరు మిశ్రమం రావాలంటే దాదాపు 14 ఆంపియర్లు కావాలి. కారు కరెంటు 14 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి అది 190 వాట్ల పైమాటే. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు కలిపి తాగే కరెంటు కన్నా ఎక్కువన్నమాట. అంతకంటే తక్కువ కరెంటుకే ఎక్కువ బుడగలు వస్తున్నాయంటే నీరు వేడెక్కి ఆవిరవుతోందేమో చూసుకోవాలి. గొట్టం చివర లెక్కపెట్టినప్పుడు ఆవిరి కూడా గ్యాసు లాగే కనిపిస్తుంది.

5. ‘లీటరు నీటికి 1,860 లీటర్ల గ్యాసు’ నిజమే, కానీ…

ప్రకటనల్లో ఊరించే అంకె ఇది. అబద్ధం కాదు. ఒక లీటరు నీటిని పూర్తిగా విడగొడితే సుమారు 1,240 లీటర్ల హైడ్రోజన్, 620 లీటర్ల ఆక్సిజన్ వస్తాయి. అయితే హైడ్రోజన్ అన్నిటికన్నా తేలికైన వాయువు. అన్ని లీటర్ల హైడ్రోజన్ తూకం వేస్తే 111 గ్రాములే. అందులో ఉన్న శక్తి అర లీటరు పెట్రోలుకు కూడా సాటి రాదు, 0.42 లీటరుకు సమానం.

ఇప్పుడు ఈ అంకెను రోడ్డు మీదికి తీసుకెళ్దాం. నిమిషానికి ఒక లీటరు గ్యాసు ఇచ్చే డబ్బాలో లీటరు నీళ్లు అయిపోవడానికి 31 గంటలు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున ఆ 31 గంటల్లో కారు 1,860 కిలోమీటర్లు పోతుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారైతే 93 లీటర్ల పెట్రోలు తాగుతుంది. 93 లీటర్ల పక్కన 0.42 లీటరు. అంటే డబ్బా నుంచి వచ్చింది అర శాతం కూడా కాదు. ఆ కాస్తా ఉచితంగా వచ్చింది కూడా కాదని తర్వాతి లెక్క చెబుతుంది.

6. పాతిక పాళ్లు పెట్టి రెండు పాళ్లు రాబట్టుకోవడం

డబ్బాకు కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజిన్. ఇంజిన్ తాగేది పెట్రోలు. దారి పొడవునా నష్టాలే. పెట్రోలులో 100 పాళ్ల శక్తి ఉందనుకుంటే, ఇంజిన్ దాన్ని సుమారు 25 పాళ్ల తిరిగే శక్తిగా మారుస్తుంది. మిగిలినది సైలెన్సర్ నుంచి, రేడియేటర్ నుంచి వేడిగా పోతుంది. ఆ పాతికను ఆల్టర్నేటర్‌కు ఇస్తే 15 పాళ్ల కరెంటు. ఆ పదిహేనును డబ్బాకు ఇస్తే 9 పాళ్ల హైడ్రోజన్. ఆ తొమ్మిదిని తిరిగి అదే ఇంజిన్‌లో మండిస్తే చక్రాలకు చేరేది రెండు పాళ్ల పైచిలుకు. నేరుగా చక్రాలకు వెళ్లాల్సిన పాతికను తిప్పి తిప్పి రెండుకు దించామన్నమాట. ఆల్టర్నేటరూ డబ్బా రెండూ ఒక్క పాలు కూడా నష్టపోకుండా పనిచేసినా తిరిగొచ్చేది ఆరు పాళ్ల పైచిలుకే.

7. ‘ఆల్టర్నేటర్ ఎలాగూ తిరుగుతోంది కదా’ అనుకుంటే పొరపాటే

ఈ వాదన మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. ఆల్టర్నేటర్ ఎప్పుడూ తిరుగుతున్న మాట నిజమే. కానీ కరెంటు ఎంత లాగితే అది అంత బరువుగా తిరుగుతుంది. కారు ఆగి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు హెడ్‌లైట్లు, వెనక అద్దం డీఫాగర్ ఒకేసారి వేసి చూడండి. చాలా కార్లలో ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం కుంగి, మళ్లీ సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం అంటే అదనంగా కాస్త పెట్రోలు పడటమే.

8. నాసా పరిశోధన నిజమే, ముగింపు వేరు

కిట్ల ప్రచారంలో నాసా పేరు చెబుతారు. 1977లో నాసా లూయిస్ పరిశోధన కేంద్రం పెట్రోలుకు హైడ్రోజన్ కలిపి ఇంజిన్ పరీక్షలు చేసిన మాట వాస్తవం. హైడ్రోజన్ మంట పెట్రోలు మంట కన్నా ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది. అందువల్ల పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉన్న పలచటి మిశ్రమం కూడా ఆగిపోకుండా మండుతుంది. ఆ పలచదనం వల్ల కొంత ఆదా ఉంటుంది. ఈ సంగతిని ఇంజిన్ శాస్త్రం ఒప్పుకుంటుంది.

అయితే ఆ పరీక్షల్లో హైడ్రోజన్ వచ్చింది సిలిండర్ల నుంచి, మిథనాల్‌ను ఆవిరితో కలిపి విడగొట్టే ఉపకరణం నుంచి. ఆల్టర్నేటర్ కరెంటుతో నడిచే నీళ్ల డబ్బా నుంచి కాదు. పైగా ఇవాళ్టి పెట్రోలు కార్లలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే గాలి, పెట్రోలు 14.7కు 1 నిష్పత్తిలో ఉండి తీరాలి. మిశ్రమాన్ని పలచన చేసే స్వేచ్ఛ ఇంజిన్‌కు లేదు.

ఇక మోతాదు సంగతి. పైన చెప్పిన కారు 60 వేగంలో నిమిషానికి 450 లీటర్ల గాలి పీలుస్తుంది. డబ్బా పంపే హైడ్రోజన్ లీటరులో మూడింట రెండు వంతులు. ఆ కొసరు హైడ్రోజన్ మంట తీరునే మార్చేస్తుందని చెప్పడానికి ఆధారాలు లేవు.

9. కిట్‌తో పాటు వచ్చే చిన్న సర్క్యూటే అసలు మతలబు

సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కారు కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలు పెంచాలో తగ్గించాలో నిర్ణయిస్తుంది. నీళ్ల డబ్బా హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్‌నూ పంపుతుంది. సెన్సర్ దాన్ని గుర్తిస్తే, మిశ్రమం పలచనైందని భావించి ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. దీన్ని తట్టుకోవడానికి కొందరు అమ్మకందారులు సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని మార్చే సర్క్యూట్ కూడా ఇస్తారు. దాంతో ఈసీయూ మోసపోయి పెట్రోలు తగ్గిస్తుంది. అప్పుడు మైలేజీ కాస్త పెరిగినట్టు కనిపిస్తే ఆ ఘనత సర్క్యూట్‌దే, డబ్బా తీసేసినా అంతే పెరుగుతుంది. ఫలితంగా నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ పెరగడం, ఇంజిన్ నాకింగ్, వాల్వులు మరీ వేడెక్కడం లాంటి ఖర్చులు తర్వాత ఎదురవుతాయి.

10. మరి ‘నాకు పెరిగింది’ అనేవాళ్లు అబద్ధమాడుతున్నారా?

చాలామంది నిజాయతీగానే చెబుతారు. కిట్ బిగించేటప్పుడు మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ దులుపుతాడు, స్పార్క్ ప్లగ్గులు మారుస్తాడు, టైర్లలో గాలి సరిచేస్తాడు. ఆ రోజు నుంచి బండి నడిపేవారి కన్ను మైలేజీ మీదే ఉంటుంది, యాక్సిలరేటర్ మీద కాలు తేలికవుతుంది. బంకులో ట్యాంకు నింపిన ప్రతిసారీ మట్టం ఒక్కచోటే ఆగదు. ఒక్క ట్యాంకు లెక్కలో ఈ తేడాలన్నీ కలిసి ఐదు, పది శాతాన్ని సులువుగా పుట్టించగలవు.

11. పరీక్షకు నిలబడ్డ దాఖలాలు అమెరికాలోనూ లేవు

పెట్రోలు ఆదా చేస్తాయన్న వందకు పైగా పరికరాలను అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిశీలించింది. ఏ కొద్దింటిలోనో స్వల్ప లాభం కనిపించింది తప్ప, చెప్పుకున్నంత ఆదా కనిపించలేదు. 2008లో పాపులర్ మెకానిక్స్ పత్రిక సంపాదకుల్లో ఒకరైన మైక్ ఆలెన్ ఓ కారుకు హెచ్‌హెచ్‌ఓ వ్యవస్థ బిగించి చూశాడు. మైలేజీలో మార్పు రాలేదు. 2009లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, హైడ్రోజన్ కిట్ మైలేజీని యాభై శాతానికి పైగా పెంచుతుందని ప్రచారం చేసిన డచ్‌మన్ ఎంటర్‌ప్రైజెస్ మీద కోర్టుకెక్కింది.

12. ‘నీళ్లతో నడిచే కారు’ కథల్లో కొన్ని కోర్టుల్లో ముగిశాయి

డబ్బా పెట్రోలుకు తోడుగా ఉంటే చాలని కొందరంటే, అసలు పెట్రోలే అక్కర్లేదన్నవారూ ఉన్నారు. అమెరికాలోని ఒహాయోకు చెందిన స్టాన్లీ మేయర్ తన డ్యూన్ బగ్గీ 22 గ్యాలన్ల నీటితో లాస్ ఏంజిలిస్ నుంచి న్యూయార్క్ వెళ్లగలదన్నాడు. పెట్టుబడిదారులు ఇద్దరు కేసు వేశారు. నిపుణులు పరిశీలిస్తే ఆయన ‘వాటర్ ఫ్యూయల్ సెల్’లో మామూలు విద్యుద్విశ్లేషణ తప్ప మరేమీ కనిపించలేదు. ఘోరమైన మోసమని తేల్చిన కోర్టు, 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మని 1996లో ఆదేశించింది.

ఫిలిప్పీన్స్‌లో డేనియల్ డింగెల్ దశాబ్దాల పాటు నీళ్ల కారు గురించి చెప్పుకుని, 2008లో 82 ఏళ్ల వయసులో మోసం కేసులో దోషిగా తేలాడు. అదే ఏడాది జపాన్‌లో జెనెపాక్స్ కంపెనీ ఒసాకాలో నీటితో నడిచే కారంటూ ఒకటి ప్రదర్శించి, మరుసటి ఏడాదికల్లా మూతపడింది.

13. పాకిస్థాన్‌లో మంత్రులూ నమ్మారు

2012లో ఆగా వకార్ అహ్మద్ అనే ఇంజినీరు తన ‘వాటర్ కిట్’తో కారు నడుస్తుందని టీవీ చర్చల్లో చూపించాడు. కేంద్ర మంత్రి ఖుర్షీద్ షా మద్దతిచ్చాడు. అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ కూడా మోసమేమీ లేదన్నట్టు మాట్లాడాడు. భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హుద్‌భాయ్, రసాయన శాస్త్రవేత్త అతా ఉర్ రెహ్మాన్ మాత్రం ఇది ఉష్ణగతిక నియమాలకే విరుద్ధమని గట్టిగా నిలబడ్డారు. కరెంటు కోతలు, గ్యాసు కొరతతో జనం విసిగిపోయిన రోజులవి. ఇలాంటి కబుర్లు అలాంటప్పుడే ఎక్కువగా చెల్లుబాటవుతాయి.

14. ఆ డబ్బాలోది పేలడానికి సిద్ధంగా ఉన్న మిశ్రమం

వంటగ్యాసు గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. దాన్ని రగిలించడానికి 0.02 మిల్లీజౌల్ చాలు. పెట్రోలు ఆవిరికి కావాల్సిన దానిలో ఇది పదో వంతు. బట్టల రాపిడికి పుట్టే నిప్పురవ్వ కూడా సరిపోతుంది. స్వచ్ఛమైన హైడ్రోజన్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు.

ఇంటి డబ్బాల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే గొట్టంలోకి వస్తాయి. అందుకే అది మండడానికి బయటి గాలి కూడా అక్కర్లేదు. ఇంజిన్ నుంచి మంట వెనక్కి తన్నితే డబ్బా దాకా పోతుంది. మధ్యలో నీళ్ల బబ్లర్ పెట్టేది అందుకే. బబ్లర్‌లో నీరు తగ్గిపోతే ఆ కాపు కూడా పోయినట్టే.

15. ఉప్పు వేస్తే వచ్చేది విషవాయువు

స్వచ్ఛమైన నీటిలో కరెంటు సరిగా పారదు. కొందరు వంటింటి ఉప్పు వేస్తారు. అప్పుడు ఒక ప్లేటు దగ్గర ఆక్సిజన్‌కు బదులు క్లోరిన్ పుట్టుకొస్తుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఇంజిన్ లోహాన్ని తినేస్తుంది. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ వాడితే క్లోరిన్ బెడద లేదు కానీ, అవి కంట్లో పడితే చూపే పోవచ్చు. నీరు గోధుమ రంగులోకి తిరిగిందంటే స్టీలు ప్లేట్లు కరుగుతున్నట్టు. ఆ మడ్డిలో క్యాన్సర్ కారకమైన హెక్సావలెంట్ క్రోమియం ఉండే అవకాశం ఉంది. దాన్ని కాలువలో పారబోయకూడదు.

16. అనుమతి లేని మార్పుకు జరిమానా ఐదు వేలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణతో చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, యజమాని అలాంటి మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. సీఎన్‌జీ కిట్‌కు ఆమోదముద్ర ఎందుకు అడుగుతారో ఈ నీళ్ల డబ్బాకూ అందుకే అడుగుతారు.

17. ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మడం మాత్రం నిజమైన సాంకేతికతే

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజిన్లలో నీరు, మిథనాల్ కలిపి చిమ్మేవారు. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారులో నీటిని చిమ్మే ఏర్పాటు పెట్టింది. ఇక్కడ నీరు ఇంధనం కాదు. ఆవిరవుతూ సిలిండర్‌లోకి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది. దాంతో ఇంజిన్ నాకింగ్ లేకుండా ఎక్కువ శక్తినిస్తుంది.

18. ఇవే రెండు వాయువులు శ్రీహరికోట నుంచి అంతరిక్షానికి వెళ్తాయి

2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్‌తో ఇస్రో స్వదేశీ క్రయోజెనిక్ దశను విజయవంతంగా ప్రయోగించింది. అందులో మండింది ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీలకు చల్లబరిస్తే గానీ ద్రవం కాదు. తూకంలో చూస్తే కిలో హైడ్రోజన్‌లో కిలో పెట్రోలుకు దాదాపు మూడింతల శక్తి ఉంటుంది. రాకెట్టుకు బరువే అసలు బాధ కాబట్టి అక్కడ ఎంత ఖర్చయినా సరిపోతుంది.

19. హైడ్రోజన్ ఎక్కడ తయారైతే లాభమో అక్కడే ఫ్యాక్టరీలు వస్తున్నాయి

కిలో హైడ్రోజన్ కోసం 9 లీటర్ల నీరు, 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కరెంటు పెట్రోలు కాల్చి తెస్తే అర్థం లేదు. ఎండ నుంచో గాలి నుంచో వస్తే అర్థం ఉంది. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ వెనక ఉన్న లెక్క ఇదే. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ తలపెట్టిన హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ దాని లక్ష్యం. ఢిల్లీలో 2020లో సీఎన్‌జీకి దాదాపు 18 శాతం హైడ్రోజన్ కలిపి 50 బస్సులు నడిపి చూశారు. ఆ హైడ్రోజన్‌ను డిపోలోని ప్లాంటులో తయారుచేశారు, బస్సు ఇంజిన్ మీద భారం పడలేదు.

20. ఖర్చులేని మైలేజీ చిట్కాలు ఇంకా ఉన్నాయి

చమురు పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్‌ఏ సంస్థ చెప్పే మాట: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో నడపండి, టైర్లలో గాలి సరిగా ఉంచండి, సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపేయండి. వినడానికి చప్పగా ఉన్నా వీటికి వైర్లు, కాస్టిక్ సోడా అక్కర్లేదు.

21. డబ్బా నిజమో కాదో తేల్చే స్విచ్

ప్రయోగం చేయాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లు ముందుగా తూచాల్సింది గ్యాసును కాదు, పెట్రోలును. నమ్మదగిన పరీక్ష ఒకటుంది. డబ్బాకు ఓ స్విచ్ పెట్టి, అది వేసి ఉందో లేదో నడిపేవారికి తెలియకుండా మరొకరు ట్యాంకు ట్యాంకుకూ నిర్ణయించి, ఆ సంగతి చీటీల మీద రాసి దాచాలి. దారి, వేగం, బంకు, టైర్ల గాలి మారకూడదు. సెన్సర్‌ను ఏమార్చే సర్క్యూట్‌ను ముందే తీసేయాలి. ఇలా చాలా ట్యాంకులు నడిపాక, చీటీలు విప్పి రెండు రకాల ట్యాంకులనూ పోల్చాలి. కిట్ అమ్మేవారిని అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే: ‘ఈ పరీక్ష పూర్తయ్యాక డబ్బు తీసుకుంటారా?’